ఎలాగూ ఊడేవే కదా!

ఊళ్ళోవాళ్ళ జమాఖర్చులు సరిచూసి సంతకం పెట్టడం నా వృత్తి. ఎక్కడైనా ఒక రూపాయి తేడా వస్తే ఆ రాత్రి నాకు నిద్ర ఉండదు. అలాంటివాణ్ణి, సొంత పిల్లల నోళ్ళలో జరుగుతున్న జమాఖర్చుని ఏళ్ళ తరబడి తలకిందులుగా చదివాను. ఎడంగా ఉన్న పళ్ళు చూసి దిగులుపడ్డాను, ఒత్తుగా ఉన్న పళ్ళు చూసి మురిసిపోయాను. చెయ్యి పెట్టకూడని చోట పెట్టాను, డబ్బు పెట్టాల్సిన చోట బేరమాడాను. తెలియక చేశానని అందామంటే అది సగమే నిజం. చెప్పేవాళ్ళున్నారు, చెప్పారు కూడా. "పాలపళ్ళేగా, ఎలాగూ ఊడేవే కదా" అనే ఒక్క మాట అడ్డం పెట్టుకుని నేనే వినలేదు.

మేము తాతల కాలం నుంచి మద్రాసులో ఉన్నాం. వెస్ట్ మాంబళంలో ఇల్లు. అమ్మ పుట్టిల్లు నెల్లూరు కాబట్టి ఆమె మాటలో ఇంకా నెల్లూరు యాస ఉంది. నాకు ఇద్దరు పిల్లలు. పెద్దది అమ్మాయి. దానికి మూడేళ్ళు నిండేసరికి ఇరవై పాలపళ్ళూ వచ్చేశాయి గానీ, ఏ రెండింటి మధ్య చూసినా సందే. పై వరసలో కోరపంటికి ముందూ, కింది వరసలో కోరపంటికి వెనకా మరీ ఎక్కువ. పెళ్ళిళ్ళలో ఎవరైనా "నవ్వమ్మా, ఫోటో" అంటే నాకు గుండె గుబేలుమనేది. రేపు పెద్దయ్యాక ఈ సందులన్నీ ఇలాగే ఉండిపోతే ఎలా అని లోపల దిగులు.

"చిన్నప్పుడు నీకూ ఇట్నే ఉండేవి రా అబ్బయా. పాలపళ్ళు ఎడంగా ఉంటేనే మంచిది" అంది అమ్మ. ఆమె చదివింది ఐదో తరగతి. నేను సీఏ. ఇంక నేనెందుకు వింటాను?

రెండోవాడు అబ్బాయి. వాడివి ఒకదాన్నొకటి ఆనుకుని, సూది దూరే సందు కూడా లేకుండా వచ్చాయి. చూసినవాళ్ళందరూ ముత్యాల కోవ అన్నారు. వాడి నవ్వు నా వాట్సాప్‌లో ఎంతకాలం ఉందో చెబితే మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. అమ్మాయి ఫోటో ఒక్కటీ పెట్టలేదని కూడా గుర్తుచేస్తుంది. అది గుర్తుచేసినప్పుడు మాత్రం నవ్వదు.

2019లో అమ్మాయికి మొదటి పన్ను ఊడింది. ఊడిన పంటిని పేడముద్దలో పెట్టి పెంకుల మీదకి విసిరితే కొత్త పన్ను చక్కగా వస్తుందని అమ్మ పద్ధతి. అపార్ట్‌మెంటుకి పెంకులేవి, పేడ ఎక్కణ్ణుంచి తేను? గోధుమపిండి ముద్దలో పెట్టి టెర్రస్ మీద నుంచి పక్కింటి డాబా మీదకి విసిరించాం. అది తిన్నగా వెళ్ళి పక్కింటి మామి ఎండబెట్టుకున్న వడాం మధ్యలో పడింది. ఆవిడ సాయంత్రం వచ్చి, ఏమీ అనకుండా, పన్ను మా చేతిలో పెట్టి వెళ్ళింది. పెద్ద అపశకునమని అమ్మ గొణిగింది. నేను కొట్టిపారేశాను గానీ, తరవాత జరిగింది చూసి నేనే భయపడ్డాను.

ఊడిన పంటి పక్కది కదలనైనా కదలలేదు. దాని వెనక, నాలుక వైపు, చిగురులోంచి ఇంకో పన్ను మొన తేలింది. ఒకే చోట రెండు వరసలు. సరిగ్గా ఆ రోజుల్లోనే, జులై ఆఖరున, పేపర్లన్నిటా ఒక వార్త. చెన్నైలోని సవీత దంత వైద్య కళాశాలలో ఏడేళ్ళ బాబుకి కుడివైపు కింది దవడలోంచి 526 పళ్ళు తీశారు. దవడ ఎముకలో 200 గ్రాముల బరువున్న సంచి లాంటి గడ్డ, దాని నిండా చిన్నా పెద్దా పళ్ళే. వాటిని లెక్కపెట్టడానికే గంటలు పట్టింది. కాంపౌండ్ కాంపోజిట్ ఒడొంటోమా అని దాని పేరు. 2014లో ముంబై జేజే ఆసుపత్రిలో ఒక కుర్రాడికి 232 తీసినప్పుడే ప్రపంచమంతా నోరు తెరిచింది. ఇది దానికి రెట్టింపు దాటింది, అదీ మా ఊళ్ళో.

నాకు లెక్కలు త్వరగా వస్తాయి. ఒక పన్ను వెనక ఇంకొకటి వచ్చిందంటే దాని వెనక ఇంకెన్ని ఉన్నాయో! ఆ రాత్రి అమ్మాయి నిద్రపోయాక సెల్‌ఫోన్ లైటు వేసి దాని దవడ తడిమాను. అది లేచి కెవ్వుమంది. ఇల్లంతా లేచింది. వాళ్ళందరికీ నేను 526 పళ్ళ వార్త చదివి వినిపించాను, అర్ధరాత్రి పన్నెండింటికి.

మర్నాడు అశోక్ నగర్‌లో ఒక పిల్లల దంత వైద్యురాలి దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆవిడది తిరుత్తణి. తమిళం మధ్యలో చక్కటి తెలుగు దొర్లుతుంది. నేను పేపర్ కటింగ్ తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ దాన్ని చూసి, అమ్మాయి నోరు చూసి, నన్ను చూసింది.

"ఆ బాబుకి మూడేళ్ళ వయసు నుంచే దవడ వాచి ఉందండి. మీ పాపకి వాపు ఉందా?"

"లేదండీ."

"నొప్పి?"

"లేదు."

"మరి మీకేమైనా నొప్పా?"

అప్పుడు చెప్పింది. ముందుపళ్ళలో కొత్త పంటి మొగ్గ పాలపంటి వేరుకి వెనక, నాలుక వైపు ఉంటుంది. అది పైకి వస్తూ వస్తూ పాలపంటి వేరుని కరిగించుకుంటూ వస్తుంది. అందుకే ఊడిన పాలపంటికి వేరు కనిపించదు. ఒక్కోసారి వేరు పూర్తిగా కరగకముందే కొత్తది వెనక నుంచి తల ఎత్తుతుంది. పాతది ఊడితే, లేదా ఊడకపోతే తీసేస్తే, నాలుకే కొత్తదాన్ని కొద్దికొద్దిగా ముందుకి నెడుతుంది. చోటుంటే సరి. "ఈ పాపకి చోటు దండిగా ఉంది. ఈ సందులన్నీ అందుకేగా ఉన్నది" అంది.

ఏ సందుల గురించి నేను మూడేళ్ళు కుమిలిపోయానో ఆ సందుల గురించి. అప్పటికైనా నోరు మూసుకోవాల్సింది. "సందులుండటం లోపం కాదా డాక్టర్‌గారూ?" అని అడిగాను. ఆవిడ ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక్కి తిప్పి రెండు అంకెలు వేసింది: 7.6, 6.

పై వరసలో నాలుగు ముందుపళ్ళూ మారినప్పుడు, వచ్చేవి నాలుగూ పోయేవాటి కన్నా సగటున 7.6 మిల్లీమీటర్లు ఎక్కువ వెడల్పు. కింద ఆ తేడా 6 మిల్లీమీటర్లు. ప్రతి పిల్లకీ, ప్రతి పిల్లాడికీ ఆరు నుంచి తొమ్మిదేళ్ళ మధ్య ఈ లోటు వచ్చి తీరుతుంది. అది పూడాలంటే దారులు మూడే. పాలపళ్ళ మధ్య ముందునుంచీ ఉన్న ఖాళీ మొదటిది. కొత్త ముందుపళ్ళు వచ్చే రోజుల్లో కోరపంటికీ కోరపంటికీ మధ్య పలువరస కాస్త వెడల్పవడం రెండోది. అసలు పళ్ళు పాలపళ్ళలా నిటారుగా కాకుండా కొంచెం పెదవి వైపు వాలి రావడం మూడోది. మొదటిది లేకపోతే మిగిలిన రెండూ చాలావరకు చాలవు. బౌమ్ అనే ఆయన 1950లోనే పిల్లల పలువరసల్ని ఎడంగా ఉన్నవీ ఒత్తుగా ఉన్నవీ అని రెండు రకాలుగా విడదీసి, వాటి వెంట ఏ పళ్ళు ఎలా వచ్చాయో చూసి రాశాడట. కోరపళ్ళ దగ్గరి ఆ పెద్ద ఖాళీలు కోతుల్లోనూ ఉంటాయి. వాటికి ప్రైమేట్ స్పేస్ అని పేరు.

ఇదంతా విని, తల ఊపి, ఫీజు ఇచ్చి ఇంటికి వచ్చాను. అమ్మాయికి ఏమీ లేదన్న సంతోషంలో అసలు సంగతి తట్టలేదు. ఎడంగా ఉండటం మంచిదైతే, ఒత్తుగా ఉన్న నా ముత్యాల కోవ సంగతేమిటి? ఆడిటర్ అన్నవాడు అడగాల్సిన మొదటి ప్రశ్న అది. నేను అడగలేదు. ఎవరికి వారు తమకి నచ్చిన ఖాతా జోలికి పోరు కదా.

రెండో అవివేకం 2021లో. మే నెల, లాక్‌డౌన్, ఆఫీసు లేదు. చేతిలో ఫోను, ఎదురుగా ఎనిమిదేళ్ళ అమ్మాయి. దాని పై ముందుపళ్ళు రెండూ విసనకర్రలా విచ్చుకుని, మధ్యలో సందు తెరుచుకుని వచ్చాయి. అంచులు రంపంలా ఉన్నాయి, రంగు పాలపళ్ళంత తెల్లగా లేదు. అంచులు అలా ఉండటం, రంగు కొంచెం పసుపుగా ఉండటం కొత్త పళ్ళకి సహజమేనని అప్పటికి నాకు తెలియదు. ఫోనులో ఎవడో రెండు పళ్ళకీ కలిపి చిన్న రబ్బరు బాండు తొడిగి సందు మూసేస్తున్నాడు. వారంలో సందు మాయం అంటున్నాడు. క్లినిక్కులా సరిగ్గా తెరవడం లేదు. ఖర్చా, లేదు. నాకు అంతకన్నా ఏం కావాలి?

తొడిగాను. అమ్మాయి కూడా బడి తెరిచేసరికి బాగుంటుందని ఒప్పుకుంది. మా ఆవిడకి చెప్పలేదు. పిల్ల అన్నం తినలేక గిలగిలలాడటం చూసి ఆవిడే నోరు తెరిపించింది. అప్పటికే బాండు పంటి మెడ దాటి చిగురు అంచుని తాకుతోంది. వెంటనే తీసి పారేసింది. నన్ను ఏమీ అనకుండా డాక్టరమ్మకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, ఫోను నా చేతికిచ్చింది. ముందుపంటి వేరు కొనకి పోనుపోను సన్నబడుతుంది. రబ్బరు దాని మీదుగా జారుతూ చిగురు లోపలికి వెళ్ళిపోతుంది, పైకి కనిపించదు. లోపల ఎముకని తినేస్తుంది. కొన్నాళ్ళకి గట్టి పన్ను వదులై ఊడి చేతికొస్తుంది. దంత వైద్య పత్రికల్లో ఇలాంటి కేసులు చాలానే ఉన్నాయట. "సార్, మీరు పన్నుల లెక్కలు చూసుకోండి, పళ్ళ లెక్కలు వద్దు" అంది ఆవిడ. అవతల ఆవిడా ఇవతల మా ఆవిడా ఒకేసారి నవ్వారు.

లాక్‌డౌన్ సడలాక తీసిన పెద్ద ఎక్స్‌రేలో కారణం కనిపించింది. ఎనిమిదేళ్ళ పిల్ల దవడల ఎక్స్‌రే మొదటిసారి చూసినవాడు జడుసుకుంటాడు. పాలపళ్ళ పైనా కిందా ఎముకలో ఇంకో పళ్ళ సమూహమంతా బారులు తీరి ఉంటుంది. పై కోరపళ్ళు అన్నిటికన్నా ఎత్తున, దాదాపు కంటి గూటి దిగువన పుట్టి, అంత దూరం దిగి రావాలి. దిగే దారిలో అవి పక్క పళ్ళ వేళ్ళని ఒత్తుతాయి. వేళ్ళు లోపలికి ఒరిగితే పైభాగాలు బయటికి విచ్చుకుంటాయి. పదకొండు, పన్నెండేళ్ళకి కోరపళ్ళు కిందికి దిగాక, మామూలు సందయితే దానంతటదే మూసుకుంటుంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో బ్రాడ్‌బెంట్ అనే ఆయన ఒకే పిల్లల్ని ఏళ్ళ తరబడి ఎక్స్‌రే తీస్తూ ఈ వ్యవహారమంతా గమనించాడు. 1937లో ఈ దశకి ఆండర్సన్ కథలోని అందంలేని బాతుపిల్ల పేరు పెట్టాడు. మా అమ్మాయికి ఇప్పుడు పన్నెండు దాటింది. కోరపళ్ళు దిగాయి, సందు లేదు. ఇందులో నా గొప్పేమీ లేదు. రబ్బరు బాండుని చూసి ఊరుకోని మా ఆవిడదే.

ఇక ముత్యాల కోవ కథ.

వాడికి ఆరేళ్ళు దాటాక ఒక రాత్రి ఎడమవైపు కింది దవడ పట్టుకుని ఏడ్చాడు. లవంగం పెట్టాం. పొద్దున్నే అశోక్ నగర్. కింది వరసలో మధ్య నుంచి లెక్కపెడితే ఐదోది, పాలపళ్ళలో ఆఖరి దవడపన్ను, లోపలిదాకా పిప్పి పట్టింది. ఒత్తుగా ఉన్న పళ్ళ మధ్య బ్రష్షు దూరదు, అక్కడే పుచ్చు మొదలయిందట. నా ముత్యాల కోవకి అది మొదటి బహుమతి. వేరు శుభ్రం చేసి క్యాప్ వేద్దాం, ఈ పన్ను ఇంకా ఐదారేళ్ళు ఉండాలి అంది డాక్టరమ్మ.

"పాలపన్నే కదండీ. ఎలాగూ ఊడేదే. తీసేయండి" అన్నాను.

ఆవిడ నచ్చజెప్పింది. నేను మొండికేశాను. ఊడిపోయే పంటికి క్యాప్ ఏమిటి, ఇది వీళ్ళ వ్యాపారం అనుకున్నాను కూడా. నిజానికి అది రెణ్ణెల్లకోసారి వచ్చే మా కరెంటు బిల్లు కన్నా తక్కువే. సరే, తీసేస్తాను గానీ ఆ ఖాళీ పూడిపోకుండా పక్క పంటికి రింగు తొడిగి తీగ వేయించండి అంది ఆవిడ. తరవాత చూద్దాం అన్నాను. ఆ తరవాత రాలేదు. పెరిగే పిల్లాడు, దవడ పెరుగుతుంది, చోటు అదే వస్తుంది అని నా ధీమా.

దవడ పెరిగే మాట నిజమే. కానీ పెరిగేది వెనక వైపు, పెద్ద దవడపళ్ళ కోసం. ముందున్న పలువరస పొడవు అలా సాగదు. పైగా కింది వరస చుట్టుకొలత పాలపళ్ళు పోయి గట్టిపళ్ళు వచ్చేలోపు తగ్గుతుంది! మూరీస్ అనే పరిశోధకుడి కొలతల్లో మగపిల్లలకి సగటున మూడున్నర మిల్లీమీటర్ల దాకా, ఆడపిల్లలకి నాలుగున్నర దాకా తగ్గింది. నేను డాక్టరమ్మతో గట్టిగా వాదించింది ఈ ఒక్క విషయం మీదే. పిల్లలు పెరుగుతుంటే నోట్లో చోటు తగ్గడమేమిటి అని. ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

తగ్గిన చోటు ఎటు పోతుందో చెబితే నా తెలివితక్కువతనం పూర్తిగా అర్థమవుతుంది. ఆరేళ్ళకి, ఏ పన్నూ ఊడకుండానే, పాలపళ్ళన్నిటి వెనక ఒక పెద్ద దవడపన్ను వస్తుంది. అది గట్టిపన్ను, జన్మకంతా ఒకటే. ఊడి వచ్చింది కాదు కాబట్టి నాలాంటి తండ్రులు దాన్నీ పాలపన్నే అనుకుంటారు. దానికి ఎప్పుడూ ముందుకి జరగాలని ఉంటుంది. దాన్ని ఆపి ఉంచేది దాని ముందున్న ఆ ఐదో పాలపన్నే. కింద ఆ పాలపన్ను వెడల్పు దాదాపు 10 మిల్లీమీటర్లు. పదకొండు, పన్నెండేళ్ళకి అది ఊడి దాని చోట వచ్చే గట్టిపన్ను 7 మాత్రమే. ముందున్న రెండు పళ్ళ మార్పిడిలో కొంత ఖర్చయినా, చివరికి కింద ఒక్కొక్క వైపు సగటున 1.7, పైన 0.9 మిల్లీమీటర్లు మిగులుతుంది. 1947లో నాన్స్ అనే ఆయన ఈ మిగులుని లెక్కగట్టాడు. వంకర పళ్ళు సర్దుకోవాలన్నా, పై వరసా కింది వరసా ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలన్నా ఈ కాస్త మిగులే ఆధారం. ఐదో పాలపన్ను ఖర్చు పద్దు కాదు, గడువు తీరేదాకా కదపకూడని డిపాజిట్. నేను ఆరేళ్ళ ముందే దాన్ని తీసేసి, తీసినందుకు డబ్బు ఆదా అయిందని సంతోషించాను.

నిరుడు ఎక్స్‌రే తీశారు. ఆరేళ్ళ పన్ను ఆ ఖాళీలోకి జరిగి, ముందుకి ఒరిగిపోయింది. కింద ఎముకలో, రావాల్సిన గట్టిపన్ను దారి లేక అడ్డంగా ఇరుక్కుని ఉంది. ముందుపళ్ళు ఒకదాని భుజమెక్కి ఒకటి కూర్చున్నాయి. ఆ మాత్రం ఇరుకు ముత్యాల కోవకి ఎలాగూ రాసిపెట్టే ఉంది. దవడపన్ను తంటా మాత్రం నేను తెచ్చిపెట్టింది. ఇప్పుడు వాడి నోట్లో, ఒరిగిన పంటిని వెనక్కి నెట్టే తీగ ఉంది. అది అయ్యాక క్లిప్పులు. వాడికి ఇడ్లీ తప్ప ఏది తిన్నా కష్టంగా ఉంది. మురుకు అంటే ప్రాణం వాడికి. మా ఆవిడ బిల్లులన్నీ ఒక ఫైలులో పెట్టి, పైన క్యాప్‌కి అప్పట్లో డాక్టరమ్మ రాసిచ్చిన అంచనా కాగితం పిన్ను కొట్టి, నా బల్ల మీద ఉంచింది. "ఇది కూడా ఆడిట్ చేసి పెట్టండి" అంది.

పిల్లలున్నవాళ్ళకి ఒక మాట. కింది వరసలో మధ్య నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఐదోది పాలపన్ను. ఆరో పన్ను వచ్చిందంటే అది గట్టిపన్ను. ఐదోది పుచ్చితే బాగుచేయించండి, తీయించకండి. తీయక తప్పకపోతే చోటు కాపాడే రింగు వెంటనే వేయించండి, ఎందుకంటే పోయే చోటులో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల్లోనే పోతుంది. ప్రైవేటు ఖర్చు బరువనుకుంటే మద్రాసులో ఫోర్ట్ రైల్వే స్టేషన్ దగ్గర ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. 1953లో మద్రాసు మెడికల్ కాలేజీకి అనుబంధంగా మొదలైనది. అక్కడ పిల్లల పళ్ళకి వేరే విభాగమే ఉంది.